వేడికి బిగిసే తీగ

మా అమ్మాయి వేణి పైదవడ ఇరుకుగా ఉందని మొదట బయటపెట్టింది డాక్టరు కాదు, ఒక మిఠాయి పలక.

కోవిల్‌పట్టిలో మాది కడలమిఠాయి చేసే ఇల్లు. ఆంధ్రవాళ్ళు పల్లీపట్టీ అంటారే, అదే. పాకం పట్టేది మా అత్త. లెక్క నాది. ఏ బెల్లానికి ఎంత శనక్కాయ పడుతుంది, గాలిలో తేమ ఉన్న రోజు పాకం ఇంకెంత ముదరాలి, ఒక పలకకు ముక్కలు ఎన్ని తెగుతాయి అన్నది నేను చెప్పాలి. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే, అదీ తమిళ బడి. లెక్కను తూకం దగ్గర నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలను అనంతపురం వైపు నుంచి వచ్చే శనక్కాయ సంచుల మీద చూసి కూడబలుక్కున్నాను. మనం ఇంట్లో మాట్లాడేదాన్ని రాయవచ్చని తెలిసినప్పుడు నాకు పెళ్ళయి చాలా కాలమైంది.

1999 చివర్లో, వానల నెల. పాకం సరిగా ఆరక పలక మెత్తగా ఉండిపోయింది. వేణి దాని అంచు కొరికి, నేను చూస్తున్నానని అలాగే పెట్టేసి పారిపోయింది. తిట్టడానికి పలక చేతిలోకి తీసుకున్నాను. తిట్టలేదు. పైపళ్ళు పడిన గీత కిందిపళ్ళు పడిన గీతకు లోపల ఉంది. గిన్నె కంటే మూత చిన్నదైతే లోపలికి దిగబడిపోతుంది చూడండి, అలా. పలక రెండో అంచును నేను కొరికి చూశాను. నా పైగీత కిందిగీతకు బయట పడింది. మా అత్త చేత కొరికించాను. ఆమెదీ బయటే.

అప్పుడు అన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. ఆ పిల్ల ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది. ముక్కుతో గాలి చాలదన్నట్టు ఉంటుంది. అన్నం ఒక పక్కే నములుతుంది. నోరు మూస్తే గడ్డం కుడివైపుకు జరుగుతుంది. బళ్ళో పిల్లలు కోణవాయి అంటారని, అంటే వంకరమూతి అని, ఏడుస్తూ చెప్పేది. మేము అది పిల్లల మాట అనుకున్నాం.

"మా అమ్మ నోరు గూడ అట్టే ఉండె" అంది మా అత్త. "కూలిపని చేసి, ఎనిమిది మందిని కని, పండు ముసలిదై పోయింది. ఏమయింది ఆమెకు? పిల్లను ఆస్పత్రి బల్ల మీద పండబెట్టొద్దు."

"మీ అమ్మ నోట్లో పలక పెట్టి మనం సూడలేదు గదా అత్తా" అన్నాను.

ఊళ్ళో పళ్ళ డాక్టరు చూసి, ఇది తన చేతి పని కాదన్నాడు. విరుదునగర్‌లో ఒక చిన్న ఆస్పత్రికి పళ్ళవరస సరిచేసే డాక్టరు శనివారాలు మదురై నుంచి వస్తాడు, అక్కడికి పొమ్మన్నాడు. ఆలస్యం చేయకండి అని కూడా అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆలస్యం ఎంతైతే ఆలస్యం? దానికి కొలత ఏమిటి?

2000 మొదట్లో ఒక శనివారం ఆ కొలత దొరికింది.

ఆ ఆస్పత్రి మేడమీద ఉండేది. మెట్లెక్కగానే పొడుగాటి చెక్కబల్ల, గోడకు నవ్వుతున్న పళ్ళ బొమ్మ, పైన గరగరలాడే ఫ్యాను. చెంపలు పట్టుకుని కూర్చున్నవాళ్ళందరి మధ్య నొప్పి లేనిది మా వేణి ఒక్కతే. "నాకేమీ లేదే, నన్నేల పిలుచుకొచ్చినావు?" అని నన్ను గిల్లుతూ కూర్చుంది.

డాక్టరు చిన్నవాడు, మాట నెమ్మది. తమిళంలో మాట్లాడాడు. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. రెండు అరచేతులూ అంచు కలిపి చూపించాడు. "అంగిలి ఒకే ఎముక కాదమ్మా, ఇలా రెండు ముక్కలు. నడుమ అతుకు. చిన్నప్పుడు ఆ అతుకు పచ్చిగా ఉంటుంది. లోపల ఒక సాధనం పెట్టి రెండు పక్కలకూ తోస్తే తెరుచుకుంటుంది, సందులో కొత్త ఎముక పెరుగుతుంది. దవడ వెడల్పవుతుంది. ముక్కులో దారి కూడా కొంత పెరగవచ్చు. మీ పాపకు పన్నెండు దాటాయి. ఇంకా వీలుంది. చాలా కాలం ఉండదు."

"అతుకు గట్టిపడితే?"

"కోసి తెరవాలి. మదురైలో పెద్దాసుపత్రికి పంపాలి."

నేను వెంటనే అన్నాను: "పలకను వేడి మీదే కోయాలి. ఆరిన తర్వాత కత్తి పెడితే తెగదు, పగులుతుంది."

ఏ పలక అని ఆయన అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వి, "సరిగ్గా అదే" అన్నాడు. డాక్టరు చెప్పింది నాకు అర్థమైందని, దాన్ని నా పని మాటల్లో తిరిగి చెప్పగలిగానని బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎంత గర్వపడ్డానో! ఆ రోజు నుంచి వేణి నోటి సంగతి మొత్తం పాకం లెక్కలోనే ఆలోచించడం మొదలుపెట్టాను. అది నాకు ధైర్యం ఇచ్చింది. తర్వాత చిక్కు తెచ్చిపెట్టింది కూడా అదే.

మొదట పెట్టింది మరసాధనం. అంగిట్లో నడుమ ఒక మర, అంటే స్క్రూ, దానికి చిన్న తాళంచెవి. రోజూ ఇంట్లోవాళ్ళే ఒక చుట్టు తిప్పాలి. తిప్పితే ఇంత, రెండు తిప్పితే ఇంతకు ఇంత. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత కచ్చితమైన వైద్యం ఉంటుందని నేను అనుకోలేదు.

వేణికి మాత్రం తాళంచెవి అంగిలికి తగలగానే కడుపులోంచి తన్నుకొచ్చేది. నేను తిప్పాలి, మా ఆయన పిల్ల తల పట్టుకోవాలి, మా అత్త టార్చిలైటు పట్టుకోవాలి. ఒకరోజు వేణి ఉలిక్కిపడి నోరు మూసేసింది, తాళంచెవి నా వేళ్ళలోంచి జారింది.

"మింగేసింది! పిల్ల తాళం మింగేసింది!" అని మా అత్త వీధిలోకి పరుగెత్తింది.

మిఠాయి కోసే ఆడవాళ్ళందరూ కత్తులతో సహా లోపలికి వచ్చారు. తాళంచెవికి దారం కట్టి ఉంది, దారం నా వేలికి చుట్టి ఉంది. లాగితే వచ్చింది. వేణి మాత్రం ఆ తర్వాత ఎవరికీ నోరు తెరవలేదు. తెరిచినా మర కింద అంగిలి పుండు పడి ఉంది. మా ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. "పిల్ల సుకంగా తింటా తిరగతా ఉండె. నీ లెక్క పిచ్చికి దాని నోట్లో ఇనుం పెట్టినావు." నాకూ భయంగానే ఉంది. పలక ఆరిపోతోంది, కత్తి దిగడం లేదు.

డాక్టరు మర తీసేసి, పుండు మానేదాకా ఆగి, ఇంకో సాధనం తెప్పించాడు. అప్పట్లో అది కొత్త. దవడపళ్ళకు రెండు పక్కలా పట్టీలు, వాటి మధ్య అంగిలి మీదుగా వంపు తిరిగిన మెరిసే తీగ. "దీనికి తాళంచెవి లేదు. ఎవరూ తిప్పనక్కరలేదు. నోటి వేడికి తనే తోసుకుంటూ పోతుంది" అన్నాడు.

వేణి ముఖం విప్పారింది. నాకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టయింది. "తిప్పేది లేకపోతే ఎంత తెరిచిందో నాకెలా తెలుస్తుంది డాక్టర్?"

"ముందుపళ్ళు రెండింటి నడుమ సందు వస్తుంది. అదే మీ కొలత. ఆ సందు తర్వాత మూసుకుపోతుంది, భయపడకండి."

అది పెట్టేటప్పుడు మా అత్త ఏడుపు పట్టలేక బయటికి వెళ్ళింది. ఆమెను సముదాయించడానికి నేనూ వెళ్ళాను. లోపల ఏం జరిగిందో చూసింది వేణి ఒక్కతే. వచ్చేటప్పుడు డాక్టరు చెప్పిన మాట: "మరీ లాగినట్టుంటే కాసిని చల్లనీళ్ళు పుక్కిట పట్టమనండి, తగ్గుతుంది."

2000 వేసవి. కోవిల్‌పట్టిలో వేసవి అంటే మిఠాయి ఇంట్లో పొయ్యి పక్కన నిలబడి చూడాలి. తీగ పెట్టించుకుని ఇల్లు చేరేసరికే వేణి ముక్కు మొదట్లో పట్టి లాగుతోందని, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయని అంది. కుండలోని చల్లనీళ్ళు ఇచ్చాం. నిమిషంలో తేరుకుంది.

ఆ సాయంత్రం పాకం దించి గరిటె కడుగుతూ మా అత్త తీర్పు చెప్పింది. "ఆ డాక్టరు సెప్పింది సరే. పాకు వేడిలో సాగతాది, సల్లగయితే రాయి. తీగ గూడ అంతే. సల్లగుంటే గెట్టిగుంటాది, గెట్టిగుంటే బాగ తోస్తాది. అందుకేదా సల్లనీల్లు తాగమన్నేది."

ఎంత ఆలోచించినా నాకు అందులో తప్పు కనపడలేదు. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా వేడి ప్రతిరోజూ మెత్తబరుస్తూనే ఉంది, చలువ గట్టిపరుస్తూనే ఉంది. పైగా వేణికి నొప్పి పోతోంది. మందు పనిచేస్తోందనడానికి ఇంకేం రుజువు కావాలి?

ఇక చూడండి మా వైద్యం. పొద్దున లేవగానే కుండనీళ్ళు. నడుమ తాటిముంజలు. మధ్యాహ్నం చల్లటి మజ్జిగన్నం. వీధిలో ఐసుబండి గంట వినిపిస్తే మా అత్త తనే లేచి పోయేది. "మందప్పా, మందు" అని ఐసువాడికి చెప్పేది. వేణి బుగ్గలో ఎప్పుడూ ఒక ఐసుముక్క ఉండేది. కోసే ఆడవాళ్ళు, "మాకు గూడ పల్లుకు ఆ తీగె కట్టించండక్కా, ఐసు తిని పండుకుంటాం" అని ఏడిపించేవారు. ఆ వేసవిలో మా ఇంట్లో అంత హాయిగా ఉన్నది ఆ పిల్లే.

నేను ముందుపళ్ళ మధ్య సందు కోసం వెతికేదాన్ని. పట్టుదారం తీసుకుని దూర్చి చూసేదాన్ని. దారం దూరేది కాదు. ఇంకా మొదలే కదా అనుకునేదాన్ని. మళ్ళీ చూసేదాన్ని. దూరేది కాదు.

తరువాత చూపించుకోవడానికి వెళ్ళిన శనివారం డాక్టరు ముఖం చూసి నాకు సంగతి తెలిసిపోయింది. ఆయన అద్దం పెట్టి చూశాడు, కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. "ఈపాటికి సందు కనపడాలమ్మా. అతుకు కదలడం లేదు. బహుశా గట్టిపడి ఉంటుంది. కాసేపు బయట కూర్చోండి, మదురైకి రాసిస్తాను."

చెక్కబల్ల మీద కూర్చున్నాం. కోసి తెరవాలి అన్న మాట నా చెవుల్లో తిరుగుతోంది. మా అత్త కొంగుముడిలోంచి విబూది తీసి వేణి నుదుట పెట్టింది. మా పక్కన తిరుత్తంగల్ నుంచి వచ్చిన ఒకామె ఉంది. అచ్చాపీసులో కాగితం మడిచే పని, వేళ్ళకు ఇంకా రంగు ఉంది. దవడ వాచి మాట రావడం లేదు, అయినా మమ్మల్ని చూసి బల్ల మీద ఇంకా జరిగి చోటిచ్చింది. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా పొట్లం విప్పి వేణి చేతిలో పెట్టింది. తను తినే వీలు లేదు కదా, పిల్ల తింటుందిలే అని సైగ చేసింది. తర్వాత తన సీసాలోని చల్లనీళ్ళు కూడా అందించింది. ఆమె పేరు నేను అడగలేదు. ఇప్పటికీ ఆ వెలితి ఉంది.

వేణి నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి మింగి, "ఆ, మెత్తగా పోయింది" అంది.

"ఏంది మెత్తగా పోయింది?"

"తీగె. సల్లనీల్లు పడితే మెత్తగా పోతాది గదా."

"ఎవురు సెప్పినారు నీకు?"

"సెప్పేదేంది, సూసినా. డాక్టరు ఐసు డబ్బాలోంచి తీసినాడు దాన్ని. రబ్బరు మాదిరి ఉండె. మడిచి లోపల పెట్టినాడు. నోట్లో పెట్టినాక బిగుసుకునె."

నేను ఆ పిల్ల భుజం పట్టుకున్నాను. "ఇన్ని దినాలు ఏల సెప్పలేదే?"

"మీరు అడగలేదే! నువ్వూ అవ్వా ఇద్దరేదా మాట్లాడుకుంటా ఉండిరి." కోవా నాకుతూ అంది: "నొప్పి గూడ లేదు. బాగేదా ఉండె."

పిలవకుండానే లోపలికి వెళ్ళాను. డాక్టరు రాస్తున్నాడు. ఈ తీగ చల్లబడితే గట్టిపడుతుందా, మెత్తబడుతుందా అని అడిగాను. ఆయన కలం ఆపాడు. "మెత్తబడుతుంది. ఎందుకు?"

మా కుండనీళ్ళు, ముంజలు, ఐసుబండి అన్నీ చెప్పాను. మా అత్త వాకిలి దగ్గర నిలబడి పాకం సంగతి కూడా చెప్పింది. ఆయన పెట్టెలోంచి అలాంటిదే ఇంకో తీగ తీశాడు. ఐసునీళ్ళలో ముంచి మా అత్త చేతికిచ్చాడు. తడిసిన ఈనె లాగా ఎటు వంచితే అటు ఒరిగింది. తర్వాత తన కోసం వచ్చిన టీ గ్లాసులో వేశాడు. మా కళ్ళముందే అది ఒళ్ళు విరుచుకుని మొదటి ఆకారానికి వచ్చి, గ్లాసును రెండు వైపులా తన్ని నిలబడింది.

"అమ్మ తల్లీ!" అంది మా అత్త. "ఇది పాకుకు ఎదురుజాతి."

డాక్టరు గట్టిగా నవ్వాడు. "ఎప్పుడో ఒకసారి తాగితే ఏమీ కాదు, నోరు మళ్ళీ వేడెక్కుతుంది. రోజంతా ఐసు బుగ్గన పెట్టుకుంటుందని నేను అనుకోలేదు. ఎందుకో కూడా ఆ రోజే చెప్పి ఉండాల్సింది." రాస్తున్న కాగితం పక్కన పెట్టాడు. "అతుకు గట్టిపడిందో లేదో ఇప్పుడు చెప్పలేను. చలువ మానేసి చూద్దాం. అప్పటికీ కదలకపోతే మదురై."

ఇంటికి రాగానే మా అత్త నీళ్ళకుండ ఒంపేసి గోడ పక్కన బోర్లించింది. "పిల్ల తాగనిది నాకేల" అంది. మండు వేసవిలో పొయ్యి పక్కన కూర్చుని గోరువెచ్చని నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. అది చూసి కోసే ఆడవాళ్ళు కూడా కుండ అడగడం మానేశారు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. ఐసుబండి గంట మోగితే ఎవరో ఒకరు పెద్దగా పాటెత్తుకునేవారు, వేణికి వినిపించకుండా.

వేణికి ఇక నొప్పి వచ్చింది, నిజమైన నొప్పి. ముక్కు మొదట్లో, కళ్ళ కింద, పైదవడ అంతా గుంజేది. నాలుక తీగకు తగిలి మాట ముద్దగా వచ్చేది. వెచ్చని రసం గ్లాసు పట్టుకుని ఒక్కో గుక్కా మింగుతూ గోడకేసి చూసేది. "తోస్తుండాదా?" అని నేను అడిగితే కన్నీళ్ళతోనే తల ఊపేది. చల్లనీళ్ళు కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. మా ఆయన రోజూ సైకిలు మీద అంగళ్ళకు మిఠాయి వేసి వచ్చి మొదట ఆ పిల్ల తల నిమిరేవాడు. నాతో మాత్రం మాట ముభావంగానే ఉండేది.

ఒక ఉదయం పట్టుదారం దూరింది.

నేను అరిచిన అరుపుకు మా ఆయన సగం గడ్డం గీసుకున్న ముఖంతో పరుగెత్తుకొచ్చాడు. ఆయన చేతికి దారం ఇచ్చి, మీరే చూడండి అన్నాను. దూర్చి, ఇటు లాగి, అటు లాగి, "ఆమా, ఔను, పోతాంది" అన్నాడు. సబ్బునురగతోనే బిడ్డ నుదుట ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "లెక్కలమ్మా, రొంబ సంతోసం" అన్నాడు.

దారం తర్వాత కొబ్బరీనె పట్టింది. ఈనె తర్వాత అగ్గిపుల్ల. మా ఊరు అగ్గిపెట్టెల ఊరు, ఆ కొలతకు కొదవ లేదు. ఒకనాడు బడి నుంచి టీచరమ్మ పిలిపించింది. కోణవాయి అన్న పిల్లల ముందు వేణి తన ముందుపళ్ళ సందులో అగ్గిపుల్ల నిలబెట్టి, చేతులు కట్టుకుని, "మీలో ఎవరికైనా పడుతుందా?" అని అడిగిందట. తరగతి మొత్తం అగ్గిపుల్లలతో ప్రయత్నించి పాఠం సాగనివ్వలేదట. నేను టీచరమ్మ ముందు తల దించుకున్నాను, నవ్వు కనపడకూడదని.

విరుదునగర్‌లో డాక్టరు ఆ సందు చూసి, మదురైకి రాసిన కాగితం చింపేశాడు.

వెడల్పయిన దవడ కుదురుకోవడానికి తీగ ఇంకొన్ని నెలలు ఉంది. సందు ఆయన చెప్పినట్టే తనంతట తాను మూసుకుపోయింది. ఆ తర్వాత పళ్ళను వరసలో పెట్టే తీగలు వచ్చాయి. అవి చిన్న బాధలు, రాయనక్కరలేదు. ఇలాంటి సాధనం తమ పిల్లలకు పెట్టించేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. డాక్టరు ఏం చేయమన్నాడో వినడంతో సరిపెట్టుకోకండి, ఎందుకు చేయమన్నాడో కూడా అడగండి. తర్వాత ఇంటికొచ్చి పిల్లను అడగండి. నోరు ఆ పిల్లది. మేమంతా దాని చుట్టూ చేరి లెక్కలు వేస్తుంటే, లోపల జరుగుతున్నది తెలిసిన మనిషి అదొక్కతే.

2002లో పళ్ళ మీద తీగలన్నీ తీసిన రోజు సాయంత్రం మా అత్త వేణి కోసమే చిన్న పలక పోసింది. తీగలు ఉన్నంతకాలం ఆ పిల్ల మిఠాయి ఇంట్లో పుట్టి కూడా కడలమిఠాయి నోట పెట్టలేదు. పాకం ఒక పట్టు లేతగా దించి, పలక వేడిగా ఉండగానే ముక్క కోసి చేతికిచ్చింది. వేణి అంచు కొరికింది. నమలలేదు. ఆ ముక్కను నా చేతిలో పెట్టి, "లెక్క సూడమ్మా" అంది.

దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. పైగీత కిందిగీతకు బయట పడింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, గిన్నె మీద సరిపోయిన మూతలాగా. నేను దాన్ని తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను.

"సూసింది సాలు, ఆరిపోతాది" అని మా అత్త ముక్క నా చేతిలోంచి లాక్కుని పిల్ల నోట్లో పెట్టింది.

వేణి నోరు మూసుకుని, రెండు పక్కలా నమిలింది.